అప్‌డేట్: డ్రిల్లింగ్ మెషీన్‌లో తమ్ముడి వేలు పోయిన విషయం

బాలానగర్‌లో ఒక మెషీన్ షాపులో తమ్ముడి గ్లవ్ డ్రిల్ బిట్‌కి చుట్టుకుని చూపుడువేలి చివరి కణుపు పోయిందని, ఓనరేమో ఇంట్లో తెగిందని చెప్పమంటున్నాడని మూడు నెలల క్రితం అడిగాను కదా. మీరు చెప్పినట్టే అబద్ధం చెప్పలేదు, డ్యూటీలోనే జరిగిందని కేస్ షీట్‌లో రాయించాం. అదే మమ్మల్ని కాపాడింది. నెల జీతం 21,000 లోపే కాబట్టి వాడికి ఈఎస్ఐ (కార్మికులకు వైద్యం, గాయపడితే డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా) ఉంది. ఓనర్ ప్రమాదం రిపోర్ట్ పంపడానికి బాగా తిప్పించాడు, చివరికి మేమే ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చాక కదిలాడు. పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం లెక్కన డబ్బు అకౌంట్‌లో పడింది, అమ్మ ఆ రోజు కాస్త ఊపిరి పీల్చుకుంది. ఇక శాశ్వత నష్టం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే మెడికల్ బోర్డు మిగిలింది. చట్టం షెడ్యూల్‌లో చూపుడువేలి ఒక కణుపుకి 9 శాతం అని ఉంది, దాన్నిబట్టి నెలనెలా ఎంతొస్తుందో తేలుతుంది.

ఒక్క మాట, తిరిగే మెషీన్ దగ్గర గ్లవ్స్ వేసుకోకండి, దయచేసి. చేతికి రక్షణ అనుకునే మా తమ్ముడు వేసుకున్నాడు. డ్రిల్ చేసినప్పుడు రాలే లోహపు రజను తీయాలంటే మెషీన్ ఆపి బ్రష్‌తో తీయండి. వాడు సోమవారం పనిలోకి వెళ్తున్నాడు, వేరే షాపులో.