ఎడారి దేశం నైజర్: పేదరికానికి కారణం పిల్లలా, ఇంకేదైనానా?

లెక్కల_మాస్టారు:
మొన్న వేరే చర్చలో ఒకాయన "జనమే సంపద, ఎంతమంది ఉంటే అంత మంచిది" అని రాశారు. సరే, నైజర్ చూద్దాం రండి. నైజీరియా కాదు, దానికి ఉత్తరాన ఉన్న దేశం. 1960లో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడి జనం 35 లక్షల లోపే. 2001 జనాభా లెక్కల్లో 1.10 కోట్లు, 2012లో 1.71 కోట్లు. ఏటా 3.9 శాతం పెరుగుదల, అంటే పద్దెనిమిదేళ్లకు రెట్టింపు. 2012 సర్వేలో తల్లికి సగటున 7.6 మంది పిల్లలు. వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అదీ పడితే. పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి ఉన్న ప్రతి బడి పక్కనా ఇంకో బడి కట్టాలి, ఉన్న ప్రతి ఆసుపత్రి పక్కనా ఇంకోటి. అదంతా చేసినా ఉన్నచోటే ఉన్నట్టు. ఏ ప్రభుత్వానికి సాధ్యం?

మెట్టపంట:
మాస్టారూ, విస్తీర్ణం రాయలేదేం? 12.67 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా 2.75 లక్షలే. నాలుగున్నర రెట్ల నేల, మనలో మూడోవంతు జనం కూడా లేరు. ఇరుకెక్కడుంది?

లెక్కల_మాస్టారు:
అది సహారా బాబూ. ఇసుక వండుకుంటారా?

మెట్టపంట:
దుబాయ్ కూడా ఇసుకే.

చూసిపోదామని:
దుబాయ్‌కి ఓడరేవు ఉంది. నైజర్‌కి సముద్రమే లేదు. అయిపోయింది, ఇక పడుకోండి.

సివిల్_సీను:
నేను రెండేళ్లు నైజర్ రాజధాని నియామీలో పని చేశాను, కట్టడాల పని. మ్యాపులో దేశం పెద్దదే, జనం ఉండేదంతా దక్షిణాన, ఎక్కువగా నైజీరియా సరిహద్దు వెంట ఉన్న సన్నటి పట్టీలో. నియామీ, మరాది, జిందెర్ అన్నీ అక్కడే. జొన్న, సజ్జ, అలసందలు పండేది ఆ పట్టీలోనే. మెట్టపంట గారు చెప్పే నాలుగున్నర రెట్ల నేలలో ఎక్కువ భాగం మేకలు కూడా నిలవని చోటు. కోతలయ్యాక మగవాళ్లు నైజీరియాకో, ఐవరీ కోస్ట్‌కో కూలికి పోతారు. మా తాతల కాలంలో పాలమూరు నుంచి పోయినట్టే. మళ్లీ వానలకి తిరిగొస్తారు. పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని ఆ రెండు మూడు నెలలే అసలు ఆకలి. 2005లో ప్రపంచమంతా టీవీల్లో చూసింది ఆ నెలల్నే.

మెట్టపంట:
అదే పట్టీలో ఏం జరిగిందో కూడా చెప్పండి సీను గారూ. మరాది దగ్గర 1980ల్లో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన మొక్కలు నాటించీ నాటించీ విసిగిపోయి, చివరికి చేలల్లో కొట్టేసిన చెట్ల మొదళ్లనే చూశాడు. వేళ్లు బతికే ఉన్నాయి. చిగుళ్లను కొట్టకుండా నాలుగైదు ఉంచి పెంచమన్నాడు, అంతే. రైతుల నుంచి రైతులకు పాకి 50 లక్షల హెక్టార్లు పచ్చబడింది. అక్కడ గావో అని ఒక చెట్టుంది, వానాకాలంలో ఆకు రాల్చేస్తుంది. అంటే పైరుకి నీడ అడ్డం రాదు, రాలిన ఆకు ఎరువవుతుంది. రైతుగా చెప్తున్నా, ఇలాంటి చెట్టు నా చేలో ఉంటే కాళ్లు మొక్కుతా. లోపం జనంలో లేదు, నేలను చూసుకోవడంలో ఉంది.

లెక్కల_మాస్టారు:
చాలా సంతోషం. ఆ చెట్ల వల్ల వచ్చిన అదనపు గింజలు 25 లక్షల మందికి సరిపోతాయని అంచనా వేశారు. ఇప్పుడు ఆ దేశంలో మూడేళ్లలో పెరిగే జనం ఎంతో లెక్క కట్టండి. ఇరవై ఏళ్ల కష్టాన్ని మూడేళ్ల పురుళ్లు తినేశాయి.

మెట్టపంట:
యురేనియం సంగతి ఎందుకెత్తరు మరి? ఆర్లిట్‌లో 1971 నుంచి తవ్వారు. ఆ యురేనియంతో చేసిన అణు కరెంటుతో ఫ్రాన్స్‌లో దీపాలు వెలిగాయి. నైజర్‌లో ఇప్పటికీ దాదాపు ఐదుగురిలో ఒక్కరికే కరెంటు ఉంది. అది ఏ తల్లి కన్న పిల్లల తప్పు? ఎప్పుడూ పేదవాడి పిల్లల్నే లెక్కపెడతారు. మా నాన్న సర్పంచ్‌గా నిలబడాలనుకున్నాడు, ముగ్గురు పిల్లలున్నారని నామినేషన్ కొట్టేశారు. ఆ మూడోవాణ్ణి నేనే. 2024లో ఆంధ్రాలో ఆ రూలు తీసేసి, ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటున్నారు. మరి మా నాన్నకు ఎవరు సమాధానం చెప్తారు?

చూసిపోదామని:
నైజర్ నుంచి నామినేషన్‌కి వచ్చాం. బాగుంది.

లెక్కల_మాస్టారు:
ఆ రూలే మిమ్మల్ని నైజర్ కాకుండా కాపాడింది. ఆంధ్రాలో 2019-21 సర్వే నాటికి తల్లికి 1.7 మందే. ఆడవాళ్ల చదువు పెద్దగా లేని రోజుల్లోనే 1992-93 నాటికి 2.6కి దిగాం. ఎలా? కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. క్యాంపులు పెట్టి, ఊరూరా తిరిగి చేయించారు. నైజర్‌లో 2007 నుంచి జిందెర్ వైపు "భర్తల బడి" అని నడుపుతున్నారు, మగవాళ్లను కూర్చోబెట్టి కుటుంబ నియంత్రణ చెప్తారట. ఐదేళ్ల తర్వాత సర్వే చేస్తే 7.6. బతిమాలితే ఇంతే. కొంచెం గట్టిగా ఉండాలి.

గోదారమ్మ:
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. మాస్టారూ, ఆ "గట్టిగా" అన్నది నా కడుపు మీదే జరిగింది. నాకప్పుడు 22. రెండో పాప పుట్టి నలభై రోజులు కాలేదు. మా అత్తగారు, నర్సమ్మ మాట్లాడుకున్నారు. నన్ను వ్యానెక్కించారు. బడిలో క్యాంపు, బెంచీల మీద పడుకోబెట్టారు. పద్దెనిమిది మందిమి. మీ 2.6లో నేనూ ఉన్నాను.

లెక్కల_మాస్టారు:
బాధ కలిగించి ఉంటే క్షమించండమ్మా. కానీ ఒక్కటి నిజం చెప్పండి. మీ పిల్లలిద్దరూ చదువుకున్నారా లేదా?

గోదారమ్మ:
చదువుకున్నారు. ఒకతె కెనడాలో, ఒకతె బెంగళూరులో. మేలే జరిగింది, కాదనను. నన్ను అడగలేదు అంటున్నాను. మేలు వేరు, అడగడం వేరు. మీకు ఈ రెండూ ఒకటే అనిపిస్తోంది, అందుకే మీతో మాట్లాడటం కష్టం.

మెట్టపంట:
దండం అమ్మా. మాస్టారు గారి లెక్కల్లో మనుషులు ఉండరు.

లెక్కల_మాస్టారు:
మీ లెక్కల్లో చదరపు కిలోమీటర్లు తప్ప ఏమున్నాయి?

నిర్వాహకుడు:
ఇద్దరూ ఆగండి. వ్యక్తిగతంగా రాస్తే తీసేస్తాను.

లెక్కల_మాస్టారు:
సరే, మర్యాదగానే అడుగుతాను. గోదారమ్మ గారూ, మీరు అడగాలన్నారు కదా. నైజర్‌లో అడిగారు. సర్వేలో "ఎంతమంది పిల్లలు కావాలి" అంటే ఆడవాళ్లు సగటున తొమ్మిది అన్నారు. మగవాళ్లు ఇంకా ఎక్కువ. అంటే కంటున్నది వాళ్లు కోరుకున్నదానికన్నా తక్కువే. మీ పద్ధతి ప్రకారం అడిగాం కాబట్టి ఊరుకోవాలా? ఆ తొమ్మిదో బిడ్డను ఎవరడిగారు?

గోదారమ్మ:
ఎవరిని అడిగారు? ఆ దేశంలో నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లి. 1990లో పుట్టిన వెయ్యి మందిలో మూడు వందల మందికి పైగా ఐదేళ్లలోపే పోయేవారు. ఇద్దరు చాలు అని ఏ ధైర్యంతో అంటుంది? ఇప్పుడు ఆ చావులు మూడోవంతుకు తగ్గాయి, కాన్పులూ ఆరు చిల్లరకు దిగుతున్నాయి. మెల్లగానే. అమ్మాయిని బడిలో ఉంచి, ఇరవై దాటాక అడగండి, అప్పుడు ఏమంటుందో చూద్దాం. అప్పుడు కూడా తొమ్మిదే అంటే మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను.

సివిల్_సీను:
ఒక మాట. అక్కడ పెళ్లయిన ఆడవాళ్లలో మూడోవంతు మందికి పైగా సవతి ఉంటుంది. సవతికి ఆరుగురుంటే ఈమెకు ఇద్దరు ఎలా చాలతారు, రేపు పొలం పంచేది కొడుకుల లెక్కనే కదా. మా సైట్ వాచ్‌మన్‌కు ఎనిమిది మంది. నాకు ఒక్కడే అని చెప్తే నవ్వలేదు, జాలిపడ్డాడు. "ఇంకా వయసుంది, దేవుడిస్తాడు" అని భుజం తట్టాడు. ఆ సాయంత్రమే వంద ఫ్రాంకులు అప్పు అడిగాడు, గింజలకి. ఈ రెండింటినీ ఎలా కలిపి ఆలోచించాలో నాకు ఇప్పటికీ తెలియదు.

లెక్కల_మాస్టారు:
బడి కట్టి, పెళ్లి ఆపి, ఇరవై దాటాక అడిగేలోపు జనం మళ్లీ రెట్టింపవుతుందమ్మా. నా భయం అదొక్కటే. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, మా బడిలో టీచర్లకి ఆపరేషన్ కేసులు తెమ్మని టార్గెట్ పెట్టారు. తేకపోతే జీతం ఆపుతామన్నారు. నేను నలుగురిని తీసుకెళ్లాను. ముగ్గురు చాకిరేవు వాళ్లు, ఒకడు మా పాలేరు. వాడికప్పటికి ఒక్కడే కొడుకు.

గోదారమ్మ:
అడిగారా వాణ్ణి?

లెక్కల_మాస్టారు:
రేడియో ఇస్తారని చెప్పాను.

మెట్టపంట:
విస్తీర్ణం సంగతికి మాత్రం ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు.