40 ఆంప్స్ ప్లాస్మా కట్టర్‌కి 2 హెచ్‌పీ కంప్రెసర్ చాలుతుందా?

హైదరాబాద్‌లో ఇంటి దగ్గర 6 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్ కోయడానికి సింగిల్ ఫేజ్ ప్లాస్మా కట్టర్ (కరెంటు ఆర్క్‌తో, గాలి ఒత్తిడితో లోహాన్ని కోసే మెషీన్) ఉంది. టార్చ్‌కి 5 బార్ దగ్గర నిమిషానికి 140 లీటర్ల గాలి, అంటే 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), ఆగకుండా అందాలి.

రాణిగంజ్‌లో చూసిన 2 హెచ్‌పీ బెల్ట్ కంప్రెసర్ నేమ్‌ప్లేటు మీద 8 సీఎఫ్ఎం అని ఉంది. అది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ (పిస్టన్ కదలికలో లోపలికి లాగగల గాలి) లెక్క. నిజంగా బయటికొచ్చేది అందులో 60–70 శాతమే, అంటే సరిగ్గా అంచు మీద. 100 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 5కి దిగేలోపు ఇచ్చేది 300 లీటర్లు, పంపు సాయం లేకుంటే రెండు నిమిషాల కోత. ట్యాంకు పెంచితే కాస్త వెసులుబాటే తప్ప పంపు లోటు తీరదు కదా!

3 హెచ్‌పీ తీసుకుంటే, కట్టర్ నడుస్తుండగా మోటార్ స్టార్టయినప్పుడు వోల్టేజ్ పడి ఆర్క్ తెగుతుందేమో. ఇంటి సింగిల్ ఫేజ్ మీద ఈ రెండూ కలిపి నడిపేవాళ్లు ఎంత మందం వైరు, ఏ ఎంసీబీ (ఓవర్‌లోడైతే కరెంటు ఆపే బ్రేకర్) వేశారు?

అసలు భయం తేమ గురించి. వానాకాలంలో గాలి వేడిగా ఉండగానే ఫిల్టర్‌కి చేరితే నీరు ఆవిరిగానే దాటిపోయి, టార్చ్ నాజిల్, ఎలక్ట్రోడ్ త్వరగా అరిగిపోతాయి. ట్యాంకు తర్వాత 10 మీటర్ల రాగి పైపు, వాటర్ సెపరేటర్, తేమ పీల్చే సిలికా జెల్ సరిపోతాయా? గాలిని ఆరబెట్టే డ్రయర్ మెషీన్ తప్పదా?