పల్లి నూనె గానుగకు ప్రభుత్వ వాటాధనం దొరుకుతుందా?

ప్రశ్న – కట్టె గానుగ, జడ్చర్ల

అందరికీ నమస్కారం. జడ్చర్ల దగ్గర మాకు రెండు కట్టె గానుగలు, ఒక చిన్న ప్యాకింగు గది ఉన్నాయి. వ్యాపారం నా ఒక్కడి పేరు మీద, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) నమోదుతో నడుస్తున్నది. యాసంగి పల్లి బాదేపల్లి మార్కెట్‌కు వచ్చే రెండు మూడు నెలల్లోనే ఏడాదికి సరిపడా కాయ కొని పెట్టుకోవాలి. ఆ సమయానికి మా చేతిలో డబ్బు ఉండదు, డబ్బు చేతికి వచ్చేసరికి కాయ ధర మాకు అందదు. 40 లక్షల కోసం బ్యాంకుకు వెళితే ఇంటి కాగితాలు తెమ్మన్నారు. ఇల్లేమో మా నాన్న పేరు మీద, అన్నదమ్ముల ఉమ్మడిలో ఉన్నది. ప్రభుత్వమే చిన్న పరిశ్రమల్లో వాటాధనం పెడుతున్నదని, దానికి వడ్డీ ఉండదని విన్నాను. ఇది నిజమేనా? నిజమైతే దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి?

జవాబు – పద్దుల పుస్తకం, నల్లగొండ

నిజమే గాని, ఆ డబ్బు ప్రభుత్వం చేతి నుంచి నేరుగా మీ చేతికి రాదు. 2016లో 10,000 కోట్లతో ఏర్పాటైన స్టార్టప్ నిధిని చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బీ నిర్వహిస్తుంది. అది ఏ కంపెనీలోనూ స్వయంగా వాటా కొనదు, షేర్ల మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన పెట్టుబడి నిధులకు డబ్బు ఇస్తుంది, ఆ నిధులు తాము తీసుకున్నదానికి కనీసం రెండింతలు స్టార్టప్‌లలో పెట్టాలి. చిన్న పరిశ్రమల కోసం 2020లో ప్రకటించిన సెల్ఫ్ రిలయంట్ ఇండియా ఫండ్ దారి కూడా ఇంతే. అందులో ప్రభుత్వం పెట్టేది 10,000 కోట్లు, మిగిలిన 40,000 కోట్లు ప్రైవేటు పెట్టుబడిదారుల నుంచి రావాలన్నది లక్ష్యం. జాతీయ చిన్న పరిశ్రమల సంస్థకు అనుబంధంగా ఉన్న కంపెనీ మదర్ ఫండ్‌ను (పై నిధిని) నడిపితే, దాని నుంచి డబ్బు తీసుకునే డాటర్ ఫండ్లు సంస్థలను ఎంచుకుంటాయి. కాబట్టి మీరు ఒప్పించవలసింది అధికారిని కాదు, ఆ నిధిని నడిపే మేనేజరును.

అంతకన్నా ముందు ఒక అడ్డు ఉన్నది. ఒక్కరి పేరు మీద నడిచే సంస్థలో వాటా అనేదే పుట్టదు. షేర్లు ఇవ్వాలంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మారాలి, ఏటా ఆడిట్ చేయించాలి. 40 లక్షల పెట్టుబడికి 20 శాతం వాటా ఇచ్చారనుకుందాం. అంటే మీ కంపెనీ విలువ 2 కోట్లని ఇద్దరూ ఒప్పుకున్నట్లు. ఆ నిధి ఏడేళ్లలో తన డబ్బును మూడింతలు చేసుకోవాలనుకుంటే అప్పటికి మీ కంపెనీ 6 కోట్లకు ఎదగాలి, పైగా ఆ వాటాను 1 కోటి 20 లక్షలకు కొనేవాడు ఒకడు దొరకాలి. రెండు గానుగల వ్యాపారంలో ఆ కొనేవాడు ఎవరు? వడ్డీ లేదన్న మాట నిజమే, కానీ పెట్టిన 40 లక్షల మీద వారు ఆశించే ఈ అదనపు 80 లక్షలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా ఆలోచించండి.

మీ సంస్థలో షెడ్యూల్డ్ కులాల వారి వాటా కనీసం 51 శాతం అయ్యే పక్షంలో, 2015లో మొదలైన ప్రత్యేక వెంచర్ క్యాపిటల్ (వాటా పెట్టుబడి) నిధి ఐఎఫ్‌సీఐ వెంచర్ అనే సంస్థ ద్వారా ఉన్నది. దానికీ కంపెనీ రూపమే కావాలి.

జవాబు – బత్తాయి తోట

మాది నల్లగొండ జిల్లాలో రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ప్రభుత్వ వాటాధనం నేరుగా కింది వరకు వచ్చినట్లు నేను చూసింది ఇక్కడ ఒక్కచోటే. 2020 నాటి పది వేల రైతు సంఘాల పథకంలో, సభ్యుడు కట్టిన వాటాధనానికి సమానంగా ఒక్కొక్కరికి 2,000 రూపాయల వరకు, సంఘానికి మొత్తం 15 లక్షల వరకు గ్రాంటు ఇస్తారు. ఆ గ్రాంటు మీద వచ్చే షేర్లు కూడా రైతుల పేరు మీదనే పడతాయి, ప్రభుత్వం దగ్గర ఒక్క షేరూ ఉండదు. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులు కావాలి. మాకు నెలలు పట్టింది డబ్బు లేక కాదు, పేర్లు కలవక: షేరు రిజిస్టరులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక, బ్యాంకు పుస్తకంలో అసలు లేనే లేదు. మీరు ఒక్కరే కనుక ఇది మీకు వర్తించదు. కాయ అమ్మే రైతులు మీ చుట్టుపక్కల సంఘంగా ఏర్పడి ఉంటే మాత్రం వారితో కొనుగోలు ఒప్పందం మాట్లాడి చూడండి, సగం సరుకుకైనా డబ్బు తరువాత ఇచ్చే వెసులుబాటు దొరకవచ్చు.

జవాబు – మరమ్మతు షెడ్డు, మిర్యాలగూడ

రైసు మిల్లుల యంత్ర భాగాలు చేసే మా కంపెనీలో కొన్నేళ్ల క్రితం ఒక నిధి వాటా తీసుకున్నది. వారి మనిషి ఒకరు బోర్డులో కూర్చున్నారు. కొత్త లేతు కొనాలన్నా, నా జీతం పెంచుకోవాలన్నా వారి లిఖితపూర్వక అనుమతి కావలసి వచ్చేది. ఇవన్నీ నేను సంతకం చేసిన ఒప్పందంలోనే ఉన్నాయి గనుక ఎవరినీ తప్పు పట్టను. ఆ డబ్బుతో షెడ్డు పెద్దదయింది కాబట్టి మాకు గిట్టింది. మీ అవసరం వేరు. మీరు కొనేది యంత్రం కాదు, కాయ. అది ఏడాది తిరిగేలోపు నూనెగా, చెక్కగా (నూనె తీయగా మిగిలిన పిప్పిగా) అమ్ముడై డబ్బయిపోతుంది. ఏడాదిలో తిరిగి వచ్చే డబ్బుకు కంపెనీలో శాశ్వతమైన వాటా రాసివ్వడం నాకు సబబుగా తోచడం లేదు. సీజీటీఎంఎస్ఈ (చిన్న పరిశ్రమల అప్పులకు బ్యాంకుకు హామీ ఇచ్చే ట్రస్టు) పూచీకత్తు ఉన్న సీసీ లిమిట్ (ఒక పరిమితి దాకా కావలసినప్పుడు తీసుకుని మళ్లీ కట్టే బ్యాంకు అప్పు) అడగండి. ఆ పూచీకత్తు గరిష్ఠ పరిమితి 2023లో 5 కోట్లకు, 2025 ఏప్రిల్‌లో 10 కోట్లకు పెరిగింది. దాని కింద ఇచ్చే అప్పుకు ఇంటి కాగితాలు అడగరు, ఏటా కొంత రుసుము మాత్రం పడుతుంది. బ్రాంచిలో వద్దంటే ఎందుకు వద్దో కాగితం మీద రాసి ఇవ్వమనండి. అదీ కుదరకపోతే, వేర్‌హౌసింగ్ నియంత్రణ సంస్థ గుర్తింపు ఉన్న గోదాములో కాయ పెట్టి ఆ రసీదు మీద అప్పు తీసుకోవచ్చు.

కట్టె గానుగ, జడ్చర్ల

ముగ్గురికీ కృతజ్ఞతలు. 80 లక్షల లెక్క మా తమ్ముడికి చదివి వినిపించాను, వాటా మాట అక్కడితో ఆగిపోయింది. సోమవారం సీసీ లిమిట్‌కు దరఖాస్తు పెడుతున్నాను. గోదాము రసీదు గురించి ఒక్క సందేహం: కాయను వారానికి ఇరవై బస్తాల చొప్పున గానుగకు తెచ్చుకోవాలి గదా, అప్పు కొంత కొంత తీరుస్తూ సరుకు విడిపించుకోనిస్తారా?

మరమ్మతు షెడ్డు, మిర్యాలగూడ

కట్టినంత మేరకు సరుకు విడిపించుకునే పద్ధతి ఉన్నది. కాకపోతే ప్రతిసారీ బ్యాంకు అనుమతి పడాలి కనుక వారానికి కాకుండా నెలకు సరిపడా ఒకేసారి తెచ్చుకోండి. కాయను బాగా ఎండబెట్టి పంపండి. దించుకునేటప్పుడే తేమ చూస్తారు, నాణ్యతను రసీదులో రాస్తారు.