ప్రత్యర్థికి కర్ర అందించిన కోచ్‌ది ధర్మమా, సొంతవాళ్ళకి ద్రోహమా?

లంకగట్టు

ముందు మా ఇంటి గొడవ చెప్పి అసలు సంగతికొస్తానండి. సంక్రాంతికి మా కాలవలో రెండు మూడు ఊళ్ళ కుర్రాళ్ళు కలిసి పడవ పందెం పెట్టుకున్నారు. మా మేనల్లుడి పని గట్టు మీద అదనపు తెడ్లు పట్టుకుని నిలబడ్డం. సగం దూరంలో పక్కూరి పడవ ముందు కూర్చున్నవాడి తెడ్డు ఫట్టున విరిగింది. వీడు ముందూ వెనకా చూడకుండా చేతిలో తెడ్డు అటు విసిరేశాడు. వాళ్ళకి రెండో బహుమతి, మనవాళ్ళకి నాలుగో స్థానం. బహుమతులేమో మూడే. ఆ రోజు నుంచి మా బావగారు కొడుకుతో మాట్లాడట్లేదు.

వాణ్ణి వెనకేసుకురావడానికి నేను 2006 శీతాకాల ఒలింపిక్స్ సంగతి తీశాను. ఇటలీలో ప్రజెలాటో అనే చోట, ఫిబ్రవరి 14న, ఆడవాళ్ళ క్రాస్ కంట్రీ స్కీయింగ్ టీమ్ స్ప్రింట్ జరిగింది. కాళ్ళకి స్కీలనే పొడుగాటి బద్దలు కట్టుకుని, రెండు చేతికర్రలతో తోసుకుంటూ మంచు మీద పోయే పందెం అది. ఒలింపిక్స్‌లో ఆ పోటీ పెట్టడం అదే మొదలు. జట్టుకి ఇద్దరు. ఒకావిడ చుట్టు తిరిగొచ్చి రెండో ఆవిడని తాకితే ఆవిడ బయల్దేరుతుంది. అలా వంతులవారీగా చెరో మూడు చుట్లు. కెనడా తరఫున సారా రెన్నర్, బెకీ స్కాట్. ముందు వరసలో పోతుండగా రెన్నర్ చేతికర్ర విరిగింది. ఒంటికర్రతో వెనకబడిపోతుంటే, దారి పక్కన నిలబడ్డ నార్వే కోచ్ బ్యోర్నార్ హోకెన్స్‌మోయెన్ తన దగ్గరున్న కర్ర చేతికిచ్చాడు. చివరికి స్వీడన్‌కి స్వర్ణం, కెనడాకి రజతం, ఫిన్లాండ్‌కి కాంస్యం. నార్వే నాలుగు!

ఇది విని మా బావ "వాడూ మావాడి లాంటి వెర్రిబాగులోడే" అని తేల్చేశాడు. మీరేమంటారు?

పాలకొల్లు సత్తిబాబు

మీ బావగారితోనే నా ఓటండి. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు చూడండి, అచ్చంగా ఇదే. ఆ కోచ్ తన పతకం ఇచ్చుకున్నాడా? లేదే. చలికాలాలన్నీ ఒళ్ళు హూనం చేసుకున్న ఇద్దరు అమ్మాయిల పతకం తీసి పక్కవాళ్ళకి పెట్టాడు. పేరేమో ఆయనకి, నాలుగో స్థానం వాళ్ళకి.

కౌశిక ఒడ్డు

సత్తిబాబు గారూ, ఆయన కర్ర ఇచ్చేటప్పటికి ఎవరు ఎన్నో స్థానంలో వస్తారో ఎవరికి తెలుసండి? ఫలితం చూసి వెనక్కి లెక్కేస్తే ఎవడైనా దోషే. ఆ క్షణంలో ఆయనకి కనబడింది ఒంటికర్రతో ఈడ్చుకుంటున్న మనిషి. అంతే.

ఇంకో మాట. స్కీలు మార్చుకోవాలంటే అవి విరగాలి, లేదా వాటిని బూటుకి బిగించే కట్టు ఊడాలి. కర్రల విషయంలో ఆ పట్టింపు లేదు, మధ్యలో మార్చుకోవచ్చు. అందుకే ప్రతి దేశంవాళ్ళూ దారి పొడుగునా కర్రలు పట్టుకుని నిలబడతారు. అంటే కర్ర విరగడం ఓటమి కింద లెక్క కాకూడదనే కదా ఆట ఉద్దేశం?

పాలకొల్లు సత్తిబాబు

నిలబడేది ఎవరి మనుషుల కోసం వాళ్ళండి! కెనడా మనిషి అక్కడ లేకపోతే అది కెనడా ఏర్పాట్లలో లోటు. మా చేపల చెరువులో నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ ఆగిపోతే పక్క చెరువు రైతు తనది ఆపి నాకిస్తాడా? ఇస్తే మహానుభావుడే, కాదన్ను. కానీ వాళ్ళ పెళ్ళాం చీపురు పట్టుకుంటుంది.

షటిల్ శీను, అమలాపురం

మా ఊరివాడు సాత్విక్ ఆడే షటిల్ డబుల్స్ చూసి పెరిగినవాణ్ణి, అందుకని ఒక తేడా చెప్పాలి. డబుల్స్‌లో ఒకడి రాకెట్ తీగ తెగితే పరిగెత్తి పక్కనుంచి ఇంకోటి తెచ్చుకుంటాడు. ఆ రెండు మూడు దెబ్బలూ జోడీ వాడు ఒక్కడే కోర్టంతా కాస్తాడు. టీమ్ స్ప్రింట్‌లో ఆ వీలు లేదు. రెన్నర్ కర్ర విరిగినప్పుడు బెకీ స్కాట్ మార్పిడి గీత దగ్గర నిలబడి చూస్తూ ఉండాల్సిందే. జట్టు అని పేరే గానీ చుట్టు మొదలెట్టాక ఎవరి చావు వాళ్ళది. పైగా ఆ రోజు క్లాసిక్ పద్ధతి, అంటే రెండు స్కీలూ పక్కపక్కనే తిన్నగా నడపడం. రెండు కర్రలూ ఒకేసారి నేలకి పొడిచి ఒళ్ళంతా ముందుకి తోసుకునే చోట ఒక చెయ్యి ఖాళీ అయితే మనిషి జోరు సగానికి సగం పడిపోతుంది. కాబట్టి ఆ కర్ర ఏదో చిన్న సాయం అనుకోకండి. పెద్దదే. అందుకే సత్తిబాబు గారి కోపం నాకు అర్థమవుతోంది, ఒప్పుకోను గానీ.

నరసాపురం లేసు

ఆడవాళ్ళ పందెం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నారు. నార్వే అమ్మాయిల పేర్లు ఒక్కరైనా రాశారా? మారిట్ బ్యోర్గెన్, ఎల్లా యోమ్లే. కోచ్ మంచోడా చెడ్డోడా అని మగాళ్ళు తీర్పులిస్తున్నారు, పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం కథలో లేరు. ఆయన నిర్ణయం తప్పని నేననట్లేదు. కానీ త్యాగం చేసింది ఆయన కాదు. దండలు పడాల్సింది ఆ ఇద్దరి మెళ్ళో.

మీకు గుర్తుందో లేదో, ఆ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీలో నార్వేకి ఒక్క స్వర్ణం కూడా రాలేదు. మంచు మీద పుట్టిన దేశం అది! మనకి క్రికెట్ ఎలాగో వాళ్ళకి ఇది అలాగ. అలాంటి ఏడాదిలో చేతిదాకా వచ్చిన కాంస్యం పోవడమంటే ఏమిటో ఊహించుకోండి. బ్యోర్గెన్‌కి టీమ్ స్ప్రింట్ స్వర్ణం రావడానికి ఇంకో ఎనిమిదేళ్ళు పట్టింది, 2014లో సోచీలో, ఇంగ్విల్డ్ ఓస్ట్‌బెర్గ్‌తో కలిసి. బ్యోర్గెన్ మొత్తం 15 ఒలింపిక్ పతకాలతో ముగించింది కాబట్టి ఇవాళ ఎవరికీ ఆ లోటు కనబడదు. యోమ్లే మాటేమిటి?

కౌశిక ఒడ్డు

లేసు గారూ, తగిలింది. నేనూ ఆ పేర్లు రాయలేదు.

పూతరేకు

నార్వేవాళ్ళకి ఏమీ దక్కలేదనకండి మరి! కెనడా జనం చందాలేసుకుని ఆ కోచ్‌కి దాదాపు 5 టన్నుల మేపుల్ సిరప్ పంపించారు. చెట్టు రసం కాచిన పాకం అది. 5 టన్నులండి బాబూ, మా ఆత్రేయపురంలో ఇంటింటికీ పంచినా మిగులుద్ది. రెన్నర్ అయితే వైన్ సీసా పంపింది. లంకగట్టు గారూ, పక్కూరినుంచి మీ మేనల్లుడికి కనీసం బెల్లం అచ్చైనా వచ్చిందా?

షటిల్ శీను, అమలాపురం

బెకీ స్కాట్ గురించి ఒకటి చెప్పకపోతే ఈ చర్చ సగమే. 2002 ఒలింపిక్స్‌లో, సాల్ట్ లేక్ సిటీలో, స్కీయింగ్‌లోనే పర్సూట్ అనే ఇంకో పోటీలో ఆవిడకి మూడో స్థానం. ముందున్న ఇద్దరు రష్యా వాళ్ళు, ఓల్గా డానిలోవా, లరీసా లాజుటినా, నిషేధిత మందు వాడినట్టు తేలింది. కాంస్యం కాస్తా రజతమై, 2004లో స్వర్ణమై చేతికొచ్చింది. రెండేళ్ళ తర్వాత, గెలిచిన ఘడియ ఎప్పుడో దాటిపోయాక! అలాంటి మనిషి జట్టుకి, వేరే దేశంవాడు అడక్కుండానే కర్ర అందించాడు. సత్తిబాబు గారూ, మీ లెక్కలో ఇది ఏ ఖాతాలోకి వస్తుందో చెప్పండి.

పాలకొల్లు సత్తిబాబు

మనసు కరిగిందని ఒప్పుకుంటానండి. అయినా ఖాతా మారదు. స్కాట్‌కి జరిగిన అన్యాయం చేసింది రష్యా వాళ్ళు, బాకీ తీర్చింది నార్వే అమ్మాయిలా? ఇదెక్కడి పద్దు?

కాకపోతే ఒకటి. మొదట్లో "ద్రోహం" అన్నట్టే మాట్లాడాను, అది ఎక్కువైంది. నియమం దాటలేదు, కిందపడ్డవాణ్ణి తొక్కలేదు. తనది కానిది ఇచ్చేశాడు. అక్కడికే నా అభ్యంతరం.

నరసాపురం లేసు

తనది కానిదా? ఇచ్చేటప్పుడు ఆయన చేతిలో ఉన్నది కర్ర, పతకం కాదండి. ఆ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మనమందరం జారుతున్నాం. కెనడా వెనకబడితే తప్ప మనకి రాదు అనుకునే పతకం, పరిగెత్తి గెలిచినట్టా? బ్యోర్గెన్, యోమ్లేల గురించి నేను పైన రాసింది వెనక్కి తీసుకోను. వాళ్ళకి జరిగిన నష్టం నిజం. కానీ నష్టం జరిగిందంటే ఎవరో తప్పు చేసి ఉండాలనేం లేదు.

పాలకొల్లు సత్తిబాబు

దీనికి జవాబు రేపు రాస్తాను. చెరువు దగ్గరికెళ్ళాలి.

లంకగట్టు

ఇదంతా మా బావకి చదివి వినిపించానండి. సిరప్ దగ్గర నవ్వాడు, లేసు గారి మాట దగ్గర ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "అది సరే, ఆ నార్వేవాడి కర్ర వాళ్ళు తిరిగిచ్చారా లేదా?" అన్నాడు. మా తెడ్డు ఇప్పటికీ పక్కూరి పాకలోనే ఉంది. అడగడానికి మావాడికి మొహమాటం. ఎవరైనా రావులపాలెం వైపునుంచి బండి మీద వస్తుంటే చెప్పండి, దారిలో పట్టుకొద్దురుగాని.