ఎజాక్స్ అంటే అసలు ఏంటి, ఎవరు?

వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటూ ఎజాక్స్ అని వెతికితే ఫుట్‌బాల్ టీమ్, యుద్ధనౌక, క్లీనింగ్ పౌడర్ అన్నీ వస్తున్నాయి, వీటన్నిటికీ ఏమైనా సంబంధం ఉందా లేక ఊరికే కలిసిందా?

జవాబు 1:
మూలం గ్రీకు వీరుడు, ట్రాయ్ యుద్ధంలో పెద్ద డాలుతో కొట్లాడినవాడు, గ్రీకులో అయాస్ అంటారు. గమ్మత్తేంటంటే అదే యుద్ధంలో అదే పేరుతో ఇంకొకడు కూడా ఉన్నాడు, అంటే కన్ఫ్యూజన్ అప్పటినుంచే మొదలైంది 😀 1900లో పెట్టిన ఆమ్‌స్టర్‌డామ్ ఫుట్‌బాల్ క్లబ్ పేరు ఆ పెద్ద డాలు వీరుడిదే, లోగోలో తల కూడా.

జవాబు 2:
నౌక కథ ఇంకా బావుంటుంది. 1939 డిసెంబర్‌లో దక్షిణ అమెరికా తీరంలోని రివర్ ప్లేట్ దగ్గర జర్మన్ నౌక గ్రాఫ్ స్పీతో తలపడిన బ్రిటిష్ నౌకల్లో ఇదొకటి, పక్కనే ఉన్న ఇంకో నౌక పేరు అకిలీస్ అట చూడండి, అదీ ట్రాయ్ యుద్ధంలో ఇంకో గ్రీకు వీరుడి పేరే. తర్వాత కెనడాలో ఒంటారియోలో ఒక ఊరికి ఈ నౌక పేరే పెట్టారు, అంటే వీరుడి నుంచి నౌకకి, నౌక నుంచి ఊరికి.

జవాబు 3:
మీ వెబ్ ఎజాక్స్‌కి మాత్రం వీరుడితో నేరుగా సంబంధం లేదండి, పేజీ మొత్తం మళ్ళీ లోడ్ చేయకుండా సర్వర్ నుంచి డేటా తెచ్చుకునే పద్ధతి అది, అసింక్రనస్ జావాస్క్రిప్ట్ అండ్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి పొట్టి పేరు, ఆ పేరు 2005లో వచ్చింది. ఇప్పుడు డేటా పంపడానికి ఎక్స్‌ఎమ్‌ఎల్ బదులు ఎక్కువగా జేసన్ (JSON) అనే ఫార్మాట్ వాడుతున్నాం, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.