రోడ్డు కంటే పల్లంలో ఉన్న ఇంట్లో ఊట నీటికీ, మరుగుదొడ్డి నీటికీ ఒకే పంపు సరిపోతుందా?

పర్లాకిమిడి గృహిణి:

అందరికీ నమస్కారం. మా ఇల్లు పర్లాకిమిడిలో పాత వీధిలో ఉంది. మా మామగారు కట్టించినప్పుడు గడప వీధి కంటే రెండు మెట్ల ఎత్తులో ఉండేదట. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తూ రావడం వల్ల ఇప్పుడు మా గడపే వీధికి రెండడుగుల దిగువకు చేరింది. వెనక గది అంతకంటే ఇంకొక అడుగు పల్లం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ గదిలో మోకాలి లోతు నీరు నిలిచింది. అప్పటి నుంచి ప్రతి ఏటా ఆశ్వయుజ మాసపు వానలకు నేల మూలల్లోంచి నీరు ఊరుతూనే ఉంది.

మా అత్తగారికి 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె మెట్లు ఎక్కలేరు కాబట్టి ఆమె పడుకునే ఆ వెనక గదికి ఆనుకునే మరుగుదొడ్డి కట్టించాలనుకుంటున్నాము. సెప్టిక్ ట్యాంకు ముందు పెరట్లో ఉంది. దానిలోకి వెళ్లే పైపు వెనక గది నేల కంటే రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది కనుక నీరు దానంతట అది పారదు. మేస్త్రీ గారు ఒకే గుంట తవ్వి, ఊట నీటినీ మరుగుదొడ్డి నీటినీ అందులోకే వదిలి, మంచినీళ్లు తోడుకునే అర హెచ్‌పీ పంపు ఒకటి పెడితే చాలంటున్నారు. ఇది సరైన పద్ధతేనా?

ఇంకొక భయం కూడా ఉంది. పోయిన ఏడాది ఆ గదిలో చీలమండ లోతు నీరు ఉన్నప్పుడు అత్తగారు ఇనుప కొళాయి తిప్పబోతే చేతికి జివ్వుమని తగిలింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోగలిగారు కాబట్టి సరిపోయింది. అలాంటి చోట నీటిలో కరెంటు పంపు పెట్టించడం క్షేమమేనా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

రాయగడ ఎలక్ట్రీషియన్:

అమ్మా, పంపు మాట తర్వాత. ముందు ఆ కొళాయి సంగతి చూడాలి. జివ్వుమన్న ఆ రోజు ప్రాణం దక్కడమే అదృష్టం అనుకోండి. పాత ఇళ్లలో ఎర్తు తీగను నేలలో పాతిన ఎర్తు గుంటకు కలపకుండా దగ్గరలో ఉన్న ఇనుప నీటి పైపుకు చుట్టి వదిలేయడం నేను చాలాచోట్ల చూశాను. అలా చుట్టినప్పుడు ఫ్రిజ్‌లోనో, గీజర్‌లోనో కరెంటు లీకైతే అది ఇంట్లోని ప్రతి కొళాయికీ చేరుతుంది. నేల పొడిగా ఉన్నంత కాలం ఎవరికీ తెలియదు. నీటిలో నిలబడి ముట్టుకున్నవారికి మాత్రమే తెలుస్తుంది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఆ చుట్టిన తీగ ఉంటే తీయించి, విడిగా ఎర్తు గుంట వేయించి, దాని నిరోధం ఎంత ఉందో మీటరుతో కొలిపించండి. అంతవరకు ఆ గదిలో తడి ఉన్నప్పుడు ఆ కొళాయిని ఎవరూ ముట్టుకోవద్దు.

రెండోది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్. మెయిన్ బోర్డులో ఎంసీబీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ ఎంసీబీ తీగలు కాలిపోకుండా కాపాడుతుందే గాని మనిషికి షాక్ తగిలినప్పుడు పడిపోదు, అంటే లైను తెంపదు. ఎందుకంటే మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దాని లెక్కలో చాలా తక్కువ. ఆర్‌సీసీబీ అలా కాదు. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, కన్ను మూసి తెరిచేలోగా లైను కత్తిరిస్తుంది. పంపు లైనుకు 30 మిల్లీ ఆంపియర్లదే పెట్టించండి. దాని మీద ఐఎస్ 12640 అనే గుర్తు ఉందో లేదో చూసుకోండి. టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి అది పడుతున్నదీ లేనిదీ చూస్తుండండి.

పంపుకు విడిగా ఒక లైను లాగించండి. సాకెట్‌ను గోడ మీద నాలుగైదు అడుగుల ఎత్తున, తిత్లీ నాడు నీరు వచ్చిన గీతకు పైన పెట్టించండి. పంపుతో వచ్చిన కేబుల్ పొట్టిగా ఉందని మధ్యలో తెంపి అతుకు వేసి టేపు చుట్టడం, అదీ గుంటలో నీటికి అందేచోట చుట్టడం, నేను చూసిన తప్పులన్నిటిలో పెద్దది. కేబుల్ చాలకపోతే పొడవైన కేబుల్ ఉన్న పంపే కొనండి. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు కాలు విరిచి రెండు కాళ్ల సాకెట్‌లో దూర్చే అలవాటు కూడా మన ప్రాంతంలో ఉంది. పంపు విషయంలో అది ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

బరంపురం ప్లంబింగ్ కాంట్రాక్టరు:

ఎలక్ట్రీషియన్ అన్నగారు చెప్పిన పని పూర్తయ్యాకే గుంట తవ్వడం మొదలుపెట్టండి. ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, మేస్త్రీ గారు చెప్పినట్లు ఒకే గుంట చేయవద్దు. మన వైపు సంపు అంటే మంచినీళ్ల తొట్టి అనే అర్థం స్థిరపడింది కాబట్టి మేస్త్రీలకు చెప్పేటప్పుడు ఒకటి ఊట గుంట, ఇంకొకటి మురుగు గుంట అని విడదీసి చెప్పండి. లేకపోతే గందరగోళం తప్పదు.

ఊట గుంటకు అడుగు తెరిచి ఉండాలి, మురుగు గుంటకు అడుగు మూసి ఉండాలి. రెంటినీ ఒకటి చేస్తే భూమిలోని నీరు మురుగులోకి, మురుగు భూమిలోకి పోతాయి. పైగా వానాకాలమంతా ఊరిన నీరు సెప్టిక్ ట్యాంకులోకి చేరితే అది త్వరగా పొంగి, అరగని మలినాన్ని బయటికి నెట్టేస్తుంది. ఊట నీరు శుభ్రమైనదే కాబట్టి దాన్ని వీధి కాలువలోకి వదలవచ్చు. మురుగును మాత్రం సెప్టిక్ ట్యాంకుకే పంపాలి, కాలువకు కాదు.

ఊట గుంటకు ఒకటిన్నర అడుగుల వెడల్పు సిమెంటు వరలు, రెండు రెండున్నర అడుగుల లోతు సరిపోతుంది. అడుగున అరచేతి వెడల్పంత మందాన కంకర పరచండి. పంపును కంకర మీద నేరుగా కాకుండా ఒక పలక మీద కూర్చోబెట్టండి. ఎంత పెద్ద పంపు కావాలో ఊహించనక్కర్లేదు. వాన కురుస్తున్న రోజున గుంటను బకెట్‌తో తోడేసి, గడియారం చూస్తూ ఒక నిమిషంలో నీరు ఎన్ని అంగుళాలు పైకి వచ్చిందో కొలవండి. ఆ వెడల్పు గుంటలో ఒక అంగుళం అంటే సుమారు 4 లీటర్లు. నిమిషానికి మూడంగుళాలు వస్తే 12 లీటర్లు. దానికి రెండింతలు తోడగల పంపు చాలు. అంతకంటే పెద్దది పెడితే ఊరికే ఆగుతూ, మొదలవుతూ మోటారు పాడవుతుంది.

మురుగు గుంటకు మూడడుగుల వరలు, నాలుగు నాలుగున్నర అడుగుల లోతు ఉండాలి. అడుగున వరల కంటే అర అడుగు వెడల్పుగా కాంక్రీటు పలక పోసి, దాని అంచు మీదికి మట్టి పడేలా పూడ్చాలి. చుట్టూ భూమిలో నీరు ఎక్కినప్పుడు ఖాళీగా ఉన్న గుంట పడవలా పైకి లేస్తుంది. ఆ మట్టి బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. వరల అతుకులకు లోపలా బయటా గిలాబు చేయించండి. ఇందులో మంచినీళ్ల పంపు ఒక్క వారం కూడా నిలవదు, ఎందుకంటే దాని లోపలి సందులు సన్ననివి. గట్టి పదార్థాన్ని దాటించే మురుగు పంపు కావాలి. పెట్టె మీద ఎన్ని మిల్లీమీటర్ల ఘనపదార్థం పోతుందో రాసి ఉంటుంది. 35 నుంచి 50 వరకు ఉన్నది చూడండి.

పంపు ఎంపికలో అందరూ పొరబడేది హెడ్ దగ్గర, అంటే పంపు నీటిని ఎత్తే ఎత్తు దగ్గర. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది గరిష్ఠ హెడ్, అంటే ఆ ఎత్తుకు చేరేసరికి నీరు రావడం ఆగిపోతుంది. మీ లెక్క చూద్దాం. గుంట అడుగు నుంచి సెప్టిక్ పైపు వరకు సుమారు ఏడడుగులు, అంటే రెండు మీటర్ల పైచిలుకు. 40 అడుగుల పైపూ, మూడు నాలుగు బెండులూ, వాల్వులూ కలిపి ఇంకొక మీటరు వేసుకోండి. కొంత అదనంగా కలుపుకుని మూడున్నర మీటర్ల ఎత్తున నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో పట్టికలో చూసి కొనాలి. రెండంగుళాల పైపులో మలినం అడుగున పేరుకోకుండా ఉండాలంటే నీరు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పోవాలి. అందుకు నిమిషానికి సుమారు 70 లీటర్లు కావాలి. మీరు 100 లీటర్లు ఇచ్చేది తీసుకోండి.

పంపు పైన నాన్ రిటర్న్ వాల్వు, దాని తర్వాత పైపును చేత్తో మూయడానికి గేటు వాల్వు వేయించండి. నాన్ రిటర్న్ లేకపోతే పంపు ఆగిన వెంటనే పైపులోని మురుగంతా గుంటలోకి తిరిగి వస్తుంది. వాల్వుకు కింద, పంపుకు దగ్గరగా పైపుకు 5 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం పెట్టించడం మరచిపోవద్దు. లోపల గాలి చిక్కుకుంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం ఎక్కదు. ఆ గాలి ఈ రంధ్రంలోంచి పోతుంది. నీటితో పాటు లేచి పంపును నడిపే, దిగి ఆపే తేలే స్విచ్‌ను ఆరు అంగుళాల తేడాతో పని చేసేలా కట్టండి. మూడడుగుల వరలో ఆరంగుళాలు అంటే 100 లీటర్లు, కనుక పంపు ఒక నిమిషం తిరిగి ఆగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ నీరు దూకితే సెప్టిక్ ట్యాంకులో అడుగుకు చేరినది మళ్లీ లేస్తుంది కాబట్టి ఈ కొద్ది మోతాదే మంచిది. పంపు ఆగినప్పుడు కూడా మోటారు పూర్తిగా నీటిలో మునిగి ఉండాలి. నీరే దానికి చల్లదనం.

పంపును దించడానికీ లేపడానికీ పిడికి నైలాను తాడు కట్టి ఉంచండి. కేబుల్ పట్టి లేపితే కేబుల్ మోటారులోకి దిగే చోట సీలు వదులై నీరు లోపలికి చేరుతుంది. అక్కడితో మొదటి అన్నగారు చెప్పిన ప్రమాదం మళ్లీ మొదలవుతుంది.

పర్లాకిమిడి గృహిణి:

మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఎర్తు తీగ నిజంగానే స్నానాల గది వెనక పైపుకు చుట్టి ఉంది. ఈ రోజే తీయించాము. ఇంకొక సందేహం. మురుగు పంపులో ఏదైనా అడ్డుపడితే, గుంట నాలుగడుగులే కదా, తాను దిగి తీస్తానని మా పక్కింటి అబ్బాయి అంటున్నాడు. వాసన రాకుండా మూత బిగించాలా, వదిలేయాలా? తుఫాను వేళ కరెంటు పోతే ఏం చేయాలి?

గునుపురం విశ్రాంత ఇంజినీరు:

అమ్మాయీ, ఆ అబ్బాయిని దిగనివ్వవద్దు. నేను మున్సిపాలిటీ పనుల్లో ఉన్న రోజుల్లో ఒక ఇంటి గుంటలోకి దిగిన కూలీ తాడు అందుకునేలోపే కూలిపోవడం నా కళ్లతో చూశాను. అతన్ని లేపుదామని దిగబోయిన రెండో మనిషిని మేము నడుము పట్టి ఆపవలసి వచ్చింది. మొదటి అతను బతకలేదు. ఆ గుంట కూడా ఐదడుగులకు మించి లేదు. మురుగు నిలిచిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది గాలి కంటే బరువైనది కాబట్టి గుంట అడుగునే ఉంటుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగిన కొద్దీ ముక్కు ఆ వాసనను పట్టలేకపోతుంది. వాసన తగ్గింది, పోయిందనుకుని దిగినవాడే పడిపోతాడు. మీథేన్ కూడా ఉంటుంది కాబట్టి బీడీ, దీపం ఆ మూత దగ్గరకు తేవద్దు.

2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి గాని మురుగు కాలువలోకి గాని దించడం నేరం. అలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీం కోర్టు 2014లో 10 లక్షలుగా, 2023 అక్టోబరులో 30 లక్షలుగా నిర్ణయించింది. మీ గుంటలో అడ్డుపడితే ప్లగ్గు తీసి, తాడుతో పంపును పైకి లేపి, పెరట్లో నేల మీద పెట్టి, మందపాటి రబ్బరు చేతి తొడుగులతో శుభ్రం చేయాలి. గుంట నిండితే మురుగు తోడే మున్సిపాలిటీ సెస్‌పూల్ బండిని పిలిపించాలి. మూత గట్టిగా బిగించి, పిల్లలు లేపలేనంత బరువుగా ఉంచి, గుంట నుంచి విడిగా ఒక గాలి గొట్టాన్ని ఇంటి కప్పు కంటే పైకి తీసుకువెళ్లాలి. ఆ గొట్టం లేకుండా మూత బిగిస్తే పంపు తోడినప్పుడల్లా మరుగుదొడ్డి గిన్నె వంపులో వాసనను ఆపుతూ నిలిచే నీటిని లాగేసుకుని వాసన గదిలోకే వస్తుంది.

నిజం చెప్పాలంటే, పంపు అసలే లేకుండా మరుగుదొడ్డి నేలను మూడడుగులు ఎత్తించుకుంటే మంచిదని నాకు మొదట అనిపించింది. కానీ పెద్దావిడ నడవగలిగే వాలుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి కాబట్టి మొత్తం 36 అడుగులు అవుతుంది. మీ పాత వీధి ఇళ్లలో అంత చోటు ఉండదు. అందుకే పంపు తప్పదు.

కరెంటు పోయినప్పుడు మురుగు గుంట నిండబోతోందని తెలిసేలా, పంపు తేలే స్విచ్‌కు పైన ఇంకొక చిన్న తేలే స్విచ్ పెట్టి దానికి బ్యాటరీ గంట కట్టించండి. అది మోగితే మరుగుదొడ్డి వాడకం ఆపేయడమే. ఊట పంపుకు ఇన్వర్టరు పెడదామంటే మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుందని గుర్తుంచుకుని అంత సామర్థ్యం ఉన్నదే తీసుకోవాలి. పెట్రోలు జనరేటరును వరండాలో కూడా నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసనే ఉండదు. గదిలో నీరు ఎక్కువగా నిలిస్తే, వీధిలో నీరు తగ్గకముందే అంతా ఒకేసారి తోడవద్దు. బయటి తడి మట్టి ఒత్తిడికి పాత గోడ లోపలికి ఒరుగుతుంది. రోజుకు మూడో వంతు చొప్పున తోడండి.

రాయగడ ఎలక్ట్రీషియన్:

పెద్దలు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. నీరు సాకెట్ల దాకా వచ్చిందనిపిస్తే నీటిలో నడిచి బోర్డు దగ్గరకు పోవద్దు. మెయిన్ స్విచ్ పొడి నేల మీంచి అందేలా ఇప్పుడే ముందు వరండాలోకి మార్పించుకోండి. వానలకు ముందు, జ్యేష్ఠంలో ఒకసారి, రెండు గుంటల్లోనూ నాలుగైదు బకెట్ల నీళ్లు పోసి తేలే స్విచ్ లేచి పంపు మొదలవడం, దిగి ఆగడం స్వయంగా చూడండి.

పర్లాకిమిడి గృహిణి:

పని పూర్తయింది. ఆర్‌సీసీబీ బటన్ నొక్కితే పడుతోంది. నిన్న ఊట గుంటలో బకెట్లతో నీళ్లు పోస్తుంటే ఆరో బకెట్‌కు పంపు అందుకుంది. మురుగు గుంటలో మాత్రం తేలే స్విచ్ కేబుల్ పొడవై వర గోడకు తగులుతోంది కాబట్టి దాన్ని నాలుగంగుళాలు పైకి లాగి మళ్లీ కట్టాలి. మేస్త్రీ గారు రేపు వస్తారు. ఆ కేబుల్ కట్టేదాకా మరుగుదొడ్డి తలుపుకు తాళం వేసి ఉంచాము.