కొత్త రైల్వే లైన్‌కి రాష్ట్రం ఎందుకు డబ్బు కట్టాలి?

పల్లెవెలుగు:
రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తీసి చూడండి, రైల్వేలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. టికెట్ డబ్బులూ, సరుకు రవాణా మీద వచ్చేవీ ఢిల్లీకే పోతాయి. మరి కొత్త లైన్ అనగానే రాష్ట్రాన్ని వాటా కట్టమనడం ఏం న్యాయం? నడికుడి–శ్రీకాళహస్తి లైన్ 309 కిలోమీటర్లు, 2011-12లో మంజూరైంది, ఖర్చులో సగం రాష్ట్రానిది, దానికి తోడు భూమి ఉచితం. కడప–బెంగళూరు కూడా సగం సగమే. కోటిపల్లి–నర్సాపురం అయితే 2000-01 నాటి మంజూరు, అందులో రాష్ట్రం వంతు 25 శాతం. ఏదీ పూర్తి కాలేదు. ఆస్తి ఎవరిదో ఖర్చు కూడా వాళ్ళే పెట్టుకోవాలి, అంతే నా మాట. కాదనేవాళ్ళు రండి.

లెక్కలపద్దు:
నేను కాదంటాను. రైల్వే దగ్గర మంజూరై పడి ఉన్న లైన్ల జాబితా చాంతాడంత ఉంటుంది, ఏటా వచ్చే డబ్బు అందులో ఏ మూలకీ చాలదు. బొగ్గు, సిమెంటు, ఓడరేవు సరుకు ఉన్న రూట్లు ముందు నడుస్తాయి, ఎందుకంటే పెట్టినదానికి తిరిగి ఎంత వస్తుందో లెక్క కడతారు. ఆ లెక్కలో నిలబడని లైన్ జాబితా అడుగున ఉండిపోతుంది. రాష్ట్రం వాటా ఇస్తానంటేనే పైకి కదులుతుంది.

తెలంగాణలో మనోహరాబాద్–కొత్తపల్లి అలా కదిలిన లైనే. మూడో వంతు ఖర్చు రాష్ట్రానిది, భూమి ఉచితం, రైళ్ళు నడిచాక మొదటి అయిదేళ్ళు వచ్చే నష్టం కూడా రాష్ట్రమే భరించాలి. కఠినమైన షరతులే, ఒప్పుకుంటాను. కానీ 2023 అక్టోబర్‌లో సిద్దిపేటకి రైలు వచ్చింది కదా.

ఓరుగల్లు_ఎక్స్‌ప్రెస్:
2006-07లో మంజూరైన లైన్ మీద 2023లో సిద్దిపేట దాకా వచ్చింది. దీన్ని గెలుపు ఖాతాలో రాస్తున్నారా అన్నా? ఇంకోటి, హైదరాబాద్ లోకల్ రైళ్ళు, అదే ఎంఎంటీఎస్, రెండో దశలో రాష్ట్రం రెండు వంతులు, రైల్వే ఒక వంతు. 2012-13లో ఓకే అయిన పని అది, 2023 దాటినా ముక్కలు ముక్కలుగానే తెరుచుకుంటూ వచ్చింది. ఎక్కువ డబ్బు పెట్టేది ఒకరు, ఏ టైముకి ఎన్ని రైళ్ళు నడపాలో చెప్పేది ఇంకొకరు. వాటా తీసుకున్నప్పుడు టైమ్‌టేబుల్ మీద మాట కూడా ఇవ్వాలి కదా, అది ఏ ఒప్పందంలోనూ కనపడదు.

మట్టిరోడ్డు:
అందరూ రైలు ఎక్కేశారు, నేను రోడ్డు దగ్గరికి తీసుకొస్తాను, ఎందుకంటే వాటాల జబ్బు అసలు తెలిసేది అక్కడే. పల్లె రోడ్లకి కేంద్రం పెట్టిన స్కీమ్ పీఎంజీఎస్‌వై 2000 డిసెంబర్ 25న మొదలైంది. మొదట్లో మొత్తం కేంద్రం డబ్బే. 2015-16 నుంచి కేంద్రం 60, రాష్ట్రం 40, కొండ రాష్ట్రాలకీ ఈశాన్యానికీ 90:10. కాగితం మీద చక్కగానే ఉంది.

నేను చూసిన ఒక రోడ్డు సంగతి చెప్తాను, ఊరు పేరు వద్దు. మట్టి పని అయింది, కంకర పరిచి రోలర్ తిప్పి డబ్ల్యూబీఎం పొర వేశారు, అసిస్టెంట్ ఇంజనీరు వచ్చి కొలిచి కొలతల పుస్తకంలో రాశాడు, బిల్లు పైకి పోయింది. కేంద్రం వంతు వచ్చింది. రాష్ట్రం వంతుకి బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ రాలేదు. కాంట్రాక్టర్ తారు వేయడం ఆపేశాడు, అతన్నీ అనలేం, క్రషర్ వాడికి బాకీ, డీజిల్ బంకులో బాకీ. ఈలోగా రెండు వానాకాలాలు గడిచాయి. పైన తారు లేని కంకర మీద ట్రాక్టర్లు తిరిగితే ఏమవుతుంది, రాళ్ళన్నీ లేచి పక్కకి పోయాయి. ఇప్పుడు ఆ పొర మళ్ళీ వేయాలి, దానికి ఎస్టిమేట్‌లో పైసా లేదు. రివైజ్డ్ ఎస్టిమేట్ పెట్టండి అంటారు, అది పెడితే ఇంకో ఏడాది. అరవయ్యా నలభయ్యా అని మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం గానీ, ఎవరి వంతు ఏ తేదీకి పడాలో ఆ అంకెల్లో ఎక్కడా లేదు.

పల్లెవెలుగు:
మీరు చెప్పింది నా వాదనకే బలం మాస్టారూ. రెండు జేబుల నుంచి డబ్బు రావాలంటేనే ఈ గొడవ, ఒకే జేబు అయితే ఒక సంతకం చాలు.

మట్టిరోడ్డు:
ఒకే జేబు అయితే ఆ జేబు వాడు రోడ్డు వేసి వెళ్ళిపోతాడు. అయిదేళ్ళు కాంట్రాక్టరే నిర్వహణ చూడాలని ఒప్పందంలోనే ఉంటుంది, ఆరో ఏడాది నుంచి గుంతలు రాష్ట్రానివి. గుంత పూడ్చినందుకు శిలాఫలకం వేయరు కాబట్టి ఆ పద్దుకి డబ్బు ఉండదు. ఎంతో కొంత సొంత సొమ్ము పెట్టినవాడికే ఆ రోడ్డు మీద శ్రద్ధ ఉంటుందని నా అనుభవం.

గోదారిగట్టు:
అసలు కేంద్రం డబ్బు అంటున్నది ఎవరి డబ్బు? 2022 మే తగ్గింపు తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్ర సుంకాలు 19 రూపాయల 90 పైసలు ఉండేవి. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన బేసిక్ ఎక్సైజ్ 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగతాది సెస్సులూ, స్పెషల్ డ్యూటీలూ. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకి 41 శాతం ఇమ్మని 15వ ఆర్థిక సంఘం చెప్పింది నిజమే, కానీ అది పంచే కుండలో పడ్డ డబ్బులో 41 శాతం, సెస్ ఆ కుండలో పడనే పడదు. రోడ్ల కోసమని మన బంకులోనే వసూలు చేసి, ఆ డబ్బుతోనే స్కీమ్ పెట్టి, నలభై శాతం నువ్వు తెచ్చుకో అంటే రెండుసార్లు కట్టినట్టే కదా. హైదరాబాద్ చుట్టూ వేసే రీజినల్ రింగ్ రోడ్డు చూడండి, జాతీయ రహదారి, టోల్ కేంద్ర సంస్థ వసూలు చేస్తుంది, భూసేకరణ ఖర్చులో సగం మాత్రం తెలంగాణ పెట్టాలి.

లెక్కలపద్దు:
సెస్ విషయంలో మీతో ఏకీభవిస్తాను, అది పంచాల్సిన డబ్బే. కానీ ఒక వైపే చెప్పకండి. 2020-21 నుంచి కేంద్రం రాష్ట్రాలకి మూలధన పనుల కోసం 50 ఏళ్ళ వడ్డీ లేని అప్పు ఇస్తోంది, 2024-25 బడ్జెట్లో దానికి లక్షా యాభై వేల కోట్లు పెట్టారు. యాభై ఏళ్ళ తర్వాత తీర్చే వంద రూపాయలకి అప్పటికి విలువ ఎంత ఉంటుంది? దాదాపు గ్రాంటే.

ఇక భూమి రాష్ట్రం ఇవ్వాలనడానికి కారణం ఉంది. సేకరణ చేసేది కలెక్టరేట్, ఆర్డీవో, తహసీల్దార్. 2013 భూసేకరణ చట్టం వచ్చాక పరిహారం బాగా పెరిగింది, భూమి ధర మీద అదనంగా ఇచ్చే సొలేషియమే నూరు శాతం. బిల్లు పూర్తిగా ఢిల్లీ మీద వేస్తే ఇక్కడ లైన్‌ని ఎవరి పొలం తప్పించి ఎవరి పొలంలోంచి తిప్పాలో అని రోజుకో పైరవీ నడుస్తుంది, ఖర్చు తనది కాదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు.

ఓరుగల్లు_ఎక్స్‌ప్రెస్:
వాటా ఉన్నప్పుడు పైరవీలు లేవా అన్నా 😀

గోదారిగట్టు:
వడ్డీ లేకపోయినా అప్పు అప్పే. అందులో కొంత భాగం కేంద్రం చెప్పిన సంస్కరణలు చేస్తేనే ఇస్తారు. మన పెట్రోలు సెస్ మనకే షరతులతో అప్పుగా రావడం మీకు బాగుంటే బాగుండనివ్వండి.

కోటిపల్లి లైన్ దగ్గర మా వాళ్ళు ఏళ్ళ తరబడి చూసింది ఏంటంటే, గౌతమిలో వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి, పైన గర్డర్లు లేవు. రాష్ట్రం వాటా జమ చేయలేదని రైల్వే, రైల్వే పని చేయడం లేదని రాష్ట్రం. పార్లమెంటులో అడిగినా అదే జవాబు, అసెంబ్లీలో అడిగినా దాన్నే తిప్పి చెప్తారు. వాటా పద్ధతి వల్ల ఇద్దరికీ దొరికేది ఈ సాకే. లెవెల్ క్రాసింగుల మీద బ్రిడ్జిలూ ఇంతే, ఖర్చు సగం సగం, పట్టాల మీద ముక్క రైల్వే కడుతుంది, రెండు పక్కల ఎక్కే దారి (అప్రోచ్) రాష్ట్ర రోడ్ల శాఖ ఆర్ అండ్ బీ కట్టాలి. మధ్య ముక్క గాల్లో వేలాడుతూ, కింద గేటు పడి అంబులెన్సు ఆగిపోయే చోట్లు మీ జిల్లాలో లేవంటే మీరు అదృష్టవంతులు.

మట్టిరోడ్డు:
సరే, నాదొక ప్రతిపాదన, తిట్టండి పర్లేదు. వాటా ఉండనివ్వండి. కానీ భూమి చాలావరకు చేతికొచ్చి, రాష్ట్రం మొదటి ఏడాది వంతు బ్యాంకులో వేశాకే టెండర్ పిలవాలి. అలాగే కేంద్రం కూడా ఏ ఏడాది ఎంత ఇస్తుందో ఒప్పందంలో రాసి సంతకం పెట్టాలి, ఆలస్యం చేసినవాళ్ళ వల్ల పెరిగిన ఖర్చు వాళ్ళ నెత్తినే. ఇప్పుడు పెరిగిన ఎస్టిమేట్‌ని కూడా అదే శాతంలో ఇద్దరికీ పంచుతున్నారు, అంటే లేటు చేసినవాడికి శిక్ష లేదు.

పల్లెవెలుగు:
మాస్టారూ, ఆ లెక్కన ముందుగా డబ్బు వేయగలిగిన రాష్ట్రానికే టెండర్ పిలుస్తారు. జీతాలకే అప్పు తెచ్చే రాష్ట్రం, అందులోనూ పల్నాడు, ప్రకాశం లాంటి చోట్ల లైన్, ఎప్పటికి జమ చేస్తుంది? దానికి జవాబు చెప్పాక మీ రూల్ గురించి మాట్లాడదాం.